కేక్ మిక్స్ కొనాలా, అన్నీ విడిగా కలుపుకోవాలా?

మిక్స్‌లో ఉండేది ప్రధానంగా మైదా, పంచదార, బేకింగ్ పౌడర్, ఎసెన్స్. చాలావాటిలో వీటికి తోడు ఎమల్సిఫయర్లు కలుపుతారు. అవి నూనె, నీళ్లు విడిపోకుండా పట్టి ఉంచుతాయి కాబట్టి, కలపడంలో కాస్త అటూఇటూ అయినా కేక్ మెత్తగానే వస్తుంది.

ఇంట్లో చేసే బటర్ కేక్‌కి ఆ పని మన చెయ్యే చేయాలి. మెత్తబడిన వెన్న, పంచదార కలిపి తెల్లబడి తేలికయ్యేదాకా గిలక్కొట్టండి. అప్పుడు చేరిన గాలి బుడగలే ఓవెన్‌లో ఉబ్బుతాయి. ఫ్రిజ్‌లోంచి తీసిన గుడ్లు వెంటనే వేస్తే వెన్న గడ్డకట్టి మిశ్రమం విరిగిపోతుంది. మైదా వేశాక ఎక్కువ కలిపితే అందులోని గ్లూటెన్ అనే సాగే ప్రోటీన్ బలపడి కేక్ గట్టిపడుతుంది.

నా ఓటు మాత్రం ఇంటి కేక్‌కే. తీపి మన చేతిలో ఉంటుంది, వెన్న రుచి ఎసెన్స్‌తో రాదు. రేపే పిల్లల పుట్టినరోజైతే మిక్స్ కొనండి, నీళ్ల బదులు పాలు పోయండి.