స్నానాలగది తలుపు ఎంత వెడల్పో చెప్పండి

చక్రాల కుర్చీలో తిరిగేవారి పర్యటనలకు విశ్వవిద్యాలయాలు, ఐటీ రంగం ఏం చేయగలవని అడిగారు. ముందు కొలవాలి. మిగతావన్నీ తరువాత.

మా నాన్నగారు ముప్ఫై ఏళ్ళు చరిత్ర పాఠాలు చెప్పారు. పక్షవాతం వచ్చాక రామప్ప గుడి చూడాలన్నారు. గుడి ఆరడుగుల పీఠం మీద ఉంటుందని, కుర్చీ పైకి వెళ్ళదని మాకు ముందే తెలుసు. చూరు కింది నల్లరాతి మదనికలను, అంటే స్త్రీమూర్తుల శిల్పాలను, కింది నుంచే చూద్దామని బయలుదేరాం.

దెబ్బ హనుమకొండ హోటల్‌లో తగిలింది. వీల్‌చైర్ సౌకర్యం ఉందని వాళ్ళ వెబ్‌సైట్‌లో పచ్చటి టిక్కు పెట్టారు. ర్యాంపు ఉన్న మాట నిజమే. అంగుళం ఎత్తుకు అడుగు పొడవు ఉండాలన్నది నియమం. అక్కడ 18 అంగుళాల ఎత్తుకు ఐదడుగులే ఉంది. ఇద్దరు కుర్రాళ్ళు కుర్చీని వెనక్కి వాల్చి ఎక్కించారు. తీరా గదిలోకి వెళితే స్నానాలగది తలుపు 22 అంగుళాలు, మా కుర్చీ 25. రాత్రి పదిన్నరకు నేనూ డ్రైవరూ నాన్నను చంకల కింద పట్టుకుని లోపలికి మోశాం. ఆయన గోడవైపు ముఖం తిప్పుకుని, "తెల్లారగానే ఇంటికి పోదామమ్మా" అన్నారు. గుడి చూడకుండానే తిరిగివచ్చాం.

ప్రజలు వాడే భవనాలు అందరికీ అందుబాటులో ఉండాలని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం చెబుతోంది. టేపు పట్టుకుని తనిఖీకి వచ్చేవారేరీ? మన ఇంజనీరింగ్ కాలేజీల్లో ఏటా అవే హాజరు నమోదు, గ్రంథాలయ నిర్వహణ ప్రాజెక్టులను పేరు మార్చి సమర్పిస్తున్నారు. డబ్బిచ్చి కొనేవారూ ఉన్నారు. చూస్తే కడుపు తరుక్కుపోతుంది. ఆ పిల్లలకు తలా ఒక టేపు ఇచ్చి యాత్రాస్థలాలకు పంపండి. మెట్లెన్ని, ర్యాంపు పొడవెంత, మరుగుదొడ్డి తలుపు వెడల్పెంత, అన్నీ ఎవరైనా వివరాలు చేర్చగల ఉచిత ఆన్‌లైన్ పటం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఎక్కించమనండి. దాని ఆధారంగానే బెర్లిన్ వారు 2010లో చక్రాల కుర్చీ వెళ్ళే చోట్లు చూపే వీల్‌మ్యాప్ అనే పటం తెచ్చారు. కుర్చీ వెళ్ళే చోటు ఆకుపచ్చ, కష్టమైతే నారింజ, వెళ్ళకపోతే ఎరుపు. మన ఊళ్ళనూ అందులోనే నింపవచ్చు. మరో కొత్త యాప్, మరో ఓటీపీ మాకు వద్దు.

మరుసటి ఏడాది మళ్ళీ బయలుదేరాం. ఈసారి నాలుగు హోటళ్ళకు ఫోను చేసి, స్నానాలగది తలుపు కొలిచి చెప్పమన్నాను. ముగ్గురు "సరిపోతుందండీ, రండి" అన్నారు. నాలుగో ఆయన "ఉండండమ్మా" అని ఫోను పక్కన పెట్టి వెళ్ళి, వచ్చి "31 అంగుళాలు" అన్నారు. అక్కడే దిగాం. రామప్పలో నాన్న మధ్యాహ్నం దాకా తల ఎత్తి మదనికలనే చూస్తూ కూర్చున్నారు.