నెలలు నిండని మేకపిల్ల: ముందు వెచ్చదనం, తర్వాతే పాలు

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది నంద్యాల జిల్లా. 18 మేకలు ఉన్నాయి. నిన్న సాయంత్రం ఒక మేక రెండు పిల్లలను ఈనింది. పోతు దాటిన తేదీ రాసి పెట్టుకున్నాము. ఆ లెక్కన 139 రోజులే అయ్యాయి. ఒక పిల్ల చచ్చి పుట్టింది, పొలం గట్టున పాతిపెట్టాము. రెండోది కిలోకు కొంచెం ఎక్కువ తూగింది. నిలబడలేదు, చన్ను పట్టడం లేదు. ముర్రుపాలు అరగవని పెద్దవాళ్లు అంటే పారబోసి, ఉగ్గుగిన్నెతో ఆవుపాలు పోశాము. కొన్ని ముక్కులోంచి వచ్చాయి. అప్పటి నుంచి గొంతులో గురగుర. తెల్లవారేసరికి ఒళ్లు చల్లబడింది. మా కోడలికి నాలుగో నెల. రాత్రంతా పిల్లను ఆమే ఒడిలో పెట్టుకుని కూర్చుంది. ఈ పిల్ల బతుకుతుందా? మందలో ఇంకా 5 మేకలు చూడితో ఉన్నాయి.

జవాబు: అమ్మా, మీరు అడగని సంగతి ఒకటి ముందుగా చెప్పాలి. మీ కోడలిని ఇప్పుడే ఆ పిల్ల దగ్గర నుంచి లేపండి. చేతులు సబ్బుతో బాగా కడుక్కుని, బట్టలు మార్చుకుని, తల్లిమేక దగ్గరకు గానీ కొట్టంలోకి గానీ వెళ్లకుండా ఉండమనండి. నెలలు నిండకముందే ఈనిన మేక నుంచి గర్భిణికి హాని చేసే జబ్బులు సోకవచ్చు. కారణం కింద వివరిస్తాను. పిల్ల పని ఇంట్లో మరొకరు చూడాలి.

ఇక పిల్ల సంగతి. దాని నోట్లో వేలు పెట్టి చూడండి. నోరు చల్లగా ఉండి, నాలుక వేలిని చప్పరించకపోతే ఒక్క చుక్క పాలు కూడా పోయకండి. చల్లబడిన పిల్లకు పేగులు కదలవు. పోసిన పాలు కడుపులోనే నిలిచి పులిసిపోతాయి. మింగే శక్తి లేనందున పొలమారి ఊపిరితిత్తుల్లోకి కూడా పోతాయి. మీ పిల్లకు రాత్రి జరిగింది ఇదేనని ముక్కులోంచి వచ్చిన పాలు, ఆ గురగుర చెబుతున్నాయి. పిల్ల ఆకలితో చనిపోతుందేమోనన్న ఆత్రంతోనే ఎవరైనా పాలు పోస్తారు. అయితే ఈ స్థితిలో పిల్లను ఆకలి కంటే చలే ముందుగా చంపుతుంది.

ఇంట్లో జ్వరం చూసుకునే డిజిటల్ థర్మామీటర్ ఉంటే కొనకు కొద్దిగా నూనె రాసి మలద్వారంలో పెట్టి చూడండి. తర్వాత దాన్ని మేకలకే ఉంచేయండి. ఆరోగ్యంగా ఉన్న పిల్లకు 102 నుంచి 103 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటుంది. 99 కంటే తగ్గిందంటే ప్రాణాపాయమే. మీ పిల్ల పుట్టి రాత్రి గడిచిపోయింది కనుక ఇక్కడ ఒక చిక్కు ఉంది. పుట్టిన పిల్ల ఒంట్లో వేడి పుట్టించే ప్రత్యేకమైన కొవ్వు కొద్దిగా ఉంటుంది. అది మొదటి అయిదారు గంటల్లోనే ఖర్చయిపోతుంది, నెలలు నిండని పిల్లలో అసలే తక్కువ. ఆ తర్వాత రక్తంలో చక్కెర పడిపోతుంది. అలాంటి పిల్లను ఒక్కసారిగా వేడి చేస్తే ఉన్న కాస్త చక్కెర కూడా కరిగిపోయి ఫిట్స్ వచ్చి చనిపోవచ్చు. అందుకే ముందు గ్లూకోజు ఇచ్చి ఆ తర్వాత వెచ్చబెట్టాలి. 20 శాతం గ్లూకోజు ద్రావణాన్ని గోరువెచ్చగా చేసి, కిలో బరువుకు 10 మి.లీ. చొప్పున పొట్టలోకి సూదితో ఎక్కిస్తారు. ఇది పశువైద్యులే చేయాల్సిన పని. 1962కు ఫోను చేయండి, సంచార పశువైద్య వాహనం వస్తుంది. మీ రైతు సేవా కేంద్రంలోని పశుసంవర్ధక సహాయకుడికీ చెప్పండి. వాళ్లు వచ్చేలోగా గ్లూకోజు పొడిని నీటితో చిక్కగా కలిపి, వేలితో చిగుళ్లకు, నాలుక కింద కొద్దికొద్దిగా రుద్దండి. గొంతులో పోయకండి.

వెచ్చబెట్టడానికి ఒక అట్టపెట్టె చాలు. అడుగున గోనెసంచి, దానిమీద పొడి పాత నూలుగుడ్డ వేయండి. వేడినీళ్లు పోసిన సీసాలకు గుడ్డ చుట్టి రెండు పక్కలా పెట్టండి. గుడ్డ చుట్టని సీసా తగిలితే లేత చర్మం కాలిపోతుంది. పైన బల్బు పెట్టేవాళ్లు పాత తీగ బల్బే పెట్టాలి. ఎల్‌ఈడీ బల్బు వెలుగిస్తుందే గానీ వేడినివ్వదు. 100 వాట్ల బల్బును పిల్లకు రెండడుగుల ఎత్తున గట్టిగా కట్టండి. బొగ్గుల కుంపటి మాత్రం మూసిన గదిలో పెట్టకండి, ఆ పొగ పిల్లకూ మనుషులకూ ప్రాణాంతకం. అరగంటకొకసారి థర్మామీటర్ పెట్టి చూస్తూ, 101కి రాగానే వేడి తగ్గించండి. పిల్లను పక్కకు పడుకోబెట్టకుండా, కాళ్లు కిందికి మడిచి రొమ్ము మీద కూర్చోబెట్టండి. రెండు గంటలకొకసారి ఒరిగే వైపు మార్చండి. ఒకే పక్కన పడి ఉంటే ఆ వైపు ఊపిరితిత్తికి గాలి సరిగా అందదు.

బతుకుతుందా అని అడిగారు. మేక చూడికాలం సగటున 150 రోజులు. కడుపులో పిల్ల ఊపిరితిత్తులు అన్నిటికంటే ఆఖరున పక్వానికి వస్తాయి. వాటి లోపలి గాలిగదులు తెరుచుకుని ఉండడానికి సన్నని జిగురు పూత ఒకటి అవసరం. ఆ పూత తయారు కాకముందే పుట్టిన పిల్లలో, తడిసిన పాలిథీన్ సంచి పొరల్లా ఆ గదులు అతుక్కుపోతాయి. పిల్ల ప్రతి శ్వాసకూ వాటిని బలవంతంగా తెరవాలి. 135 రోజుల లోపు పుట్టినవాటిని దక్కించుకోవడం చాలా కష్టం. 139 రోజులంటే ఆశ వదులుకోవాల్సిన స్థితి కాదు. కింది ముందరి పళ్లు చిగురును చీల్చుకుని పైకి వచ్చాయా చూడండి. వస్తే కొంత ధైర్యం. చిగురు కిందే ఉండి, వెంట్రుకలు పొట్టిగా పట్టులా, చెవులు మెత్తగా వేలాడుతూ ఉంటే పిల్ల ఇంకా అపక్వమని అర్థం. నోరు తెరిచి, పక్కటెముకలు లోపలికి లాక్కుంటూ ఊపిరి తీస్తుంటే పరిస్థితి బాగాలేదు. పాలు పొలమారింది కనుక న్యుమోనియా భయం కూడా ఉంది. ఆ సంగతి పశువైద్యుడికి తప్పకుండా చెప్పండి. యాంటీబయాటిక్ ఏది, ఎంత అన్నది ఆయన నిర్ణయించాలి. కిలో పిల్లకు మందుల దుకాణంలో అడిగి తెచ్చిన సూది వేయకండి.

ఒంటి వేడి 99 దాటి, పిల్ల తల నిలిపాక పాల సంగతి చూడాలి. అప్పుడు ఇవ్వాల్సింది ముర్రుపాలే. అవి అరగవన్న మాట పల్లెల్లో ఇప్పటికీ వినిపిస్తుండడం నాకు నిజంగా బాధగా ఉంది. మేకపిల్ల తల్లి కడుపులో ఉండగా రోగనిరోధక శక్తి దానికి రక్తం ద్వారా అందదు. ముర్రుపాల ద్వారానే అందాలి. ఆ శక్తిని పీల్చుకునే గుణం పేగులకు పుట్టిన గంట నుంచే తగ్గుతూ, 24 గంటలకు దాదాపుగా పోతుంది. అంటే మీకు ఈ సాయంత్రం వరకు కొంత అవకాశం ఉంది. తల్లి పొదుగు కడిగి, చేతులకు తొడుగులు వేసుకుని, ఇప్పుడు పిండినా వచ్చేవి ముర్రుపాలే. చాలకపోతే కొత్తగా ఈనిన మరో మేకవి గానీ ఆవువి గానీ తెచ్చుకోవచ్చు. పాలలో గుడ్డు, నూనె కలిపి పట్టించేది శక్తినిస్తుంది గానీ రోగనిరోధక శక్తినివ్వదు.

మీ పిల్లకు ఈ రోజు మొత్తం మీద 200 మి.లీ. అందితే మంచిది. ఒక్కసారే కాదు, రెండు గంటలకొకసారి 20 నుంచి 30 మి.లీ. చొప్పున, ఒంటి వేడికి సమానంగా వెచ్చబెట్టి ఇవ్వండి. ముర్రుపాలను నేరుగా మంట మీద కాచకండి, విరిగిపోతాయి. వేడినీళ్ల గిన్నెలో పాల గ్లాసు ఉంచి వెచ్చబెట్టండి. చప్పరించే శక్తి ఉంటే చిన్న రబ్బరు చన్ను ఉన్న సీసాతో పట్టండి. తల మరీ పైకెత్తకూడదు, తల్లి కింద తాగేటప్పుడు మెడ ఎంత లేస్తుందో అంతే. చప్పరించకపోతే మెత్తని రబ్బరు గొట్టంతో కడుపులోకే వేయాలి. దాన్ని మొదటిసారి పశువైద్యుడి చేతనే వేయించి, చూసి నేర్చుకోండి. గొట్టం బయటి కొసను నీళ్లలో ముంచినప్పుడు ఊపిరికొక బుడగ వస్తే అది గాలిగొట్టంలో ఉన్నట్టు, వెంటనే తీసేయాలి. ఉగ్గుగిన్నె, వెదురుగొట్టం ఇక వద్దు.

బొడ్డుకు టింక్చర్ అయోడిన్ ఇప్పుడే రాయండి, రెండు మూడు రోజులు రాయండి. నల్లని జిగట మలం ఇంకా పడకపోతే వైద్యుడికి చెప్పండి. కాలి కీళ్లు వంగిపోతుంటే కంగారుపడకండి. పొట్ట కింద తువ్వాలు పెట్టి రోజుకు నాలుగైదుసార్లు కాసేపు నిలబెడితే చాలా పిల్లల్లో కొద్ది రోజుల్లో కాళ్లు గట్టిపడతాయి. పెట్టెను తల్లికి కనబడేలా, వాసన తగిలేలా ఉంచండి. పూర్తిగా విడదీస్తే తర్వాత తల్లి దగ్గరకు రానివ్వదు. పారుడు మొదలైతే పాలు ఆపకండి, పాలకూ పాలకూ మధ్య ఓఆర్‌ఎస్ నీళ్లు ఇవ్వండి.

ఇక కారణం. మేకలు కుమ్ముకోవడం, చూడి ఆఖరులో మేత చాలకపోవడం, పెద్ద జ్వరం, వీటిలో ఏదైనా కావచ్చు. అయితే బ్రూసెల్లా, క్లమీడియా, టాక్సోప్లాస్మా వంటి సూక్ష్మజీవులవల్ల కూడా మేకలు ఇలాగే ఈసుకుపోతాయి. ఇవి మాయలో, ఈనినప్పుడు కారే స్రావాల్లో ఎక్కువగా ఉండి మనుషులకూ సోకుతాయి. గర్భిణులకు గర్భస్రావం అయ్యే ప్రమాదమూ ఉంది. మీ కోడలిని పరీక్షలు చేసే డాక్టరుకు ఈ విషయం ఈ రోజే చెప్పండి. ఇంట్లో ఎవరికైనా వచ్చిపోయే జ్వరం, రాత్రి చెమటలు, కీళ్లనొప్పులు మొదలైతే మేకలు ఈసుకుపోయిన సంగతి డాక్టరుకు చెప్పడం మరవకండి. చెబితే బ్రూసెల్లా పరీక్ష చేయిస్తారు, మందులతో నయమవుతుంది. మేకపాలు కాచకుండా ఎవరూ తాగకూడదు.

ఈనిన చోటి గడ్డిని కాల్చి, నేల మీద సున్నం చల్లండి. గట్టున పాతిన పిల్లను కుక్కలు తవ్వకుండా పైన ముళ్లకంప వేయండి. ఆ తల్లిని మిగతా 5 చూడి మేకల నుంచి వేరుగా కట్టి, పశువైద్యుడు వచ్చినప్పుడు దాని రక్తం పరీక్షకు పంపమని అడగండి. చూడి మేకలకు ఆఖరి నెలన్నరలో రోజుకు 200 నుంచి 300 గ్రాముల దాణా పెట్టండి, కడుపులో పిల్ల బరువులో ఎక్కువ భాగం ఆ రోజుల్లోనే పెరుగుతుంది. మేత నిల్వలో పిల్లులు మలవిసర్జన చేయకుండా చూసుకోండి, టాక్సోప్లాస్మా మేకలకు సోకేది వాటి మలం నుంచే. చూడి మేకల్లో ఇంకొకటి నెలలు నిండకముందే ఈనితే పిల్లనూ మాయనూ వెంటనే పాతిపెట్టకండి. చేతులకు తొడుగులతో పాలిథీన్ సంచిలో వేసి, ఐసు మధ్య ఉంచి, పశువైద్యుడికి ఫోను చేయండి. అసలు కారణం ప్రయోగశాలలో తేలేది వాటితోనే.