జావాలో ‘కోడ్ టూ లార్జ్’ ఎర్రర్ ఎందుకొస్తుంది?

మిర్యాలగూడ రైస్ మిల్లు బిల్లింగ్ ప్రోగ్రామ్‌లో కొత్త రేట్లు చేర్చగానే ఈ ఎర్రర్‌తో కంపైల్ (రాసిన కోడ్‌ని బైట్‌కోడ్‌గా మార్చే పని) ఆగిపోయిందని, ర్యామ్ చాలకేనా అని అడిగారు. టెన్షన్ వద్దు, ర్యామ్ తప్పు కాదు. జావాలో ఒక్క మెథడ్ (ఒక పని చేసే కోడ్ ముక్క) బైట్‌కోడ్, అంటే కంపైలర్ తయారుచేసే ఇన్‌స్ట్రక్షన్లు, 65,535 బైట్లు దాటకూడదు. కామెంట్లు (కోడ్‌లో మనం రాసుకునే వివరణలు) తీసేసినా లాభం లేదు, అవి ఆ లెక్కలోకి రావు.

సన్నాలు, దొడ్డు బియ్యం, నూకలు, తవుడు రేట్లన్నీ తేదీలవారీగా స్టాటిక్ అర్రేలో (క్లాసుకే చెందిన విలువల వరుసలో) రాసుకున్నారు కదా, చిక్కు అక్కడే. ఒక్కో విలువ నింపడానికి కంపైలర్ విడిగా ఇన్‌స్ట్రక్షన్లు రాస్తుంది. అవన్నీ క్లాసు (డేటా, మెథడ్లు కలిపి ఉంచే కోడ్ భాగం) మొదలయ్యేటప్పుడు నడిచే ఒకే మెథడ్‌లో చేరతాయి. అందుకే అర్రేని రెండు ముక్కలు చేసి అదే క్లాసులో ఉంచితే మళ్లీ అదే ఎర్రర్.

రేట్లను డేటాబేస్ టేబుల్‌లోకి మార్చండి. ధర మారినప్పుడల్లా కంపైల్ చేయడమేంటండీ! ఇవాళే బిల్లులు కొట్టాలంటే మాత్రం సగం అర్రేని వేరే క్లాసులోకి జరపండి.