పోజ్నర్ గురించి రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను. రష్యన్ టీవీ జర్నలిస్టు వ్లాదిమిర్ పోజ్నర్‌ని ఎంచుకున్నందుకు ముందు మెచ్చుకోవాలి. రష్యా అంటే మనవాళ్లు టాల్‌స్టాయ్, గోర్కీ దగ్గరే ఆగిపోతారు. టీవీలో మాట్లాడి బతికిన మనిషి గురించి రాయాలని ఎవరికీ తోచదు. కాకపోతే నీ మొదటి పేజీ నిండా "ప్రఖ్యాత", "బహుముఖ ప్రజ్ఞాశాలి", "సుదీర్ఘ ప్రస్థానం" ఉన్నాయి. ఇవి సన్మానపత్రం మాటలు. మొహమాటం లేకుండా కొట్టేయ్.

ఆ జీవితానికి విశేషణాల అవసరమేముంది? 1934 ఏప్రిల్ 1న పారిస్‌లో పుట్టాడు. తల్లి ఫ్రెంచి మనిషి, తండ్రి రష్యా నుంచి వలసవచ్చిన యూదుల బిడ్డ. నాజీలు ఫ్రాన్స్‌ని ఆక్రమించాక కుటుంబం న్యూయార్క్ చేరుకుంది. పిల్లాడు అమెరికన్ యాసతోనే పెరిగాడు. తండ్రి సోవియట్ పక్షపాతి. అమెరికాలో కమ్యూనిస్టుల మీద వేట మొదలయ్యాక అక్కడ నిలవలేక 1948లో సంసారాన్ని బెర్లిన్‌లోని సోవియట్ భాగానికీ, 1952 చివర్లో మాస్కోకీ మార్చాడు. అంటే ఆ కుర్రాడు "మన దేశం"గా చెప్పుకోబోయే చోట కాలు పెట్టేసరికి వాడికి పద్దెనిమిదేళ్లు. నీ వ్యాసంలో ఈ లెక్క ఎక్కడా లేదు. నాకైతే మిగతా కథంతా అందులోంచే వచ్చిందనిపిస్తుంది.

మాస్కో విశ్వవిద్యాలయంలో జీవశాస్త్రం చదివి, షేక్‌స్పియర్‌నీ స్కాట్లండ్ కవి బర్న్స్‌నీ రష్యన్‌లోకి తెచ్చిన కవి మర్షాక్ దగ్గర కార్యదర్శిగా కుదిరాడు. దీన్ని నువ్వు ఒక్క ముక్కలో దాటేశావు. కాస్త ఆగు అక్కడ. తర్వాత 1961లో నోవోస్తి వార్తాసంస్థలో చేరి, అమెరికన్ పాఠకుల కోసం ఇంగ్లిష్‌లో వెలువడే సోవియట్ పత్రికలో పనిచేశాడు. మన పాఠకుడికి ఇక్కడ ఒక దారి దొరుకుతుంది. తెలుగులో వచ్చిన 'సోవియట్ భూమి' పత్రిక తెప్పించుకుని, చదివినా చదవకపోయినా ఆ నున్నటి కాగితంతో పిల్లల పుస్తకాలకు అట్టలేసిన ఇళ్లు మన దగ్గర ఎన్ని లేవు! పోజ్నర్ పనిచేసిన పత్రికా ఆ కోవదే. పాఠకులే వేరు. ఈ రెండు వాక్యాలు రాస్తే చాలు, "సోవియట్ ప్రచార యంత్రాంగం" మీద నువ్వు రాసిన అరపేజీ ఉపన్యాసం తీసేయొచ్చు.

ఇక అసలు విషయం. నీ వ్యాసానికి ఆధారం మొత్తం ఆయన ఆత్మకథే. అది 1990లో ఇంగ్లిష్‌లో వచ్చింది. దాదాపు రెండు దశాబ్దాల తర్వాత ఆయనే దాన్ని రష్యన్‌లోకి తెస్తూ మధ్యమధ్యలో కొత్త వ్యాఖ్యలు చేర్చాడు. తాను చేసింది ప్రచారమేననీ, అందుకు పశ్చాత్తాపపడుతున్నాననీ ఆయన చాలా చోట్ల చెప్పాడు. నువ్వు దాన్ని యథాతథంగా ఎత్తి రాసి, ఎంత నిజాయితీపరుడో అని కితాబు కూడా ఇచ్చావు. అబ్బాయీ, జీవితమంతా ఎదుటివాళ్లని ఒప్పించడమే వృత్తిగా ఉన్న మనిషి చెప్పుకున్న మాట అది. అబద్ధమని నేననను. నిజమే కావచ్చు. ఆ మాటని ఆయన ఆనాడు చేసిన పని పక్కన పెట్టి చూపించు. పాఠకుడు తూకం వేసుకుంటాడు.

ఉదాహరణకి 1986 ఫిబ్రవరి తీసుకో. రక్షణ ఖర్చుల మీద అమెరికా అధ్యక్షుడు రీగన్ టీవీలో ప్రసంగించాడు. అది అయ్యాక అమెరికన్ ఛానెల్ ఏబీసీ వాళ్లు మాస్కోలో ఉన్న పోజ్నర్‌కి సుమారు ఎనిమిది నిమిషాలు ఇచ్చారు. తమ అధ్యక్షుడిని ఖండిస్తున్నవాడి నోట అచ్చమైన న్యూయార్క్ ఇంగ్లిష్! వైట్‌హౌస్ మండిపడింది. అంత సేపు ఇవ్వడం పొరపాటేనని ఏబీసీ ఒప్పుకోవాల్సి వచ్చింది. ఇంకో సంగతి ఈ పక్కనే రావాలి. ఇలా అమెరికా వాళ్ల ఇళ్లలోకి ఉపగ్రహం ద్వారా వెళ్లొచ్చే మనిషిని సొంత ప్రభుత్వం చాలా ఏళ్లు దేశం దాటనివ్వలేదు. ఈ రెండూ ఎదురెదురుగా ఉంటే ఆయన మీద కోపం రావాలో జాలి పడాలో పాఠకుడికి వెంటనే తేలదు. తేలకపోతే నష్టమేం లేదు.

అదే ఏడాది అమెరికన్ టీవీ వ్యాఖ్యాత ఫిల్ డొనాహ్యూతో కలిసి లెనిన్‌గ్రాడ్, బోస్టన్ ఆడవాళ్లను ఉపగ్రహం ద్వారా ముఖాముఖి కూర్చోబెట్టాడు. మా టీవీ ప్రకటనలన్నీ సెక్స్ చుట్టూనే తిరుగుతాయి, మీ దగ్గర ఇలాంటి ప్రకటనలున్నాయా అని బోస్టన్ వైపునుంచి ఒకామె అడిగింది. మా దేశంలో సెక్స్ లేదు, దానికి మేం వ్యతిరేకం అని లెనిన్‌గ్రాడ్ వైపునుంచి ఒకామె మొదలుపెట్టింది. అంతే, హాలంతా నవ్వులు. సెక్స్ ఉంది, లేనిది ప్రకటనలే అని పక్కనుంచి ఇంకొకామె సర్దిన మాట ఆ గోలలో కొట్టుకుపోయింది. ముప్పై, నలభై ఏళ్లుగా అందరూ ఆ మొదటి ముక్కనే తిప్పుతున్నారు. నువ్వూ అదే చేశావు, పైగా ఉపశీర్షికగా పెట్టావు. ప్రశ్న ప్రకటనల గురించని రాయి. అప్పుడు అది వెకిలి జోకులా ఉండదు. ఒకరి బజారు గురించి ఇంకొకరికి ఏమీ తెలియని ఇద్దరు మాట్లాడుకుంటున్నట్టు ఉంటుంది.

1991 తర్వాతిది కుదించు. ఉద్యోగం వదిలి అమెరికా వెళ్లడం, డొనాహ్యూతో సీఎన్‌బీసీలో కార్యక్రమం, రష్యన్ టెలివిజన్ అకాడమీకి మొదటి అధ్యక్షుడు కావడం, 2000 నుంచి 2008 దాకా 'వ్రెమెనా' అనే టీవీ చర్చా కార్యక్రమం. వీటికి నాలుగు వాక్యాలు చాలు. అవార్డుల జాబితా అసలే వద్దు.

మళ్లీ నిదానించాల్సింది 2008లో తన పేరుతోనే మొదలైన ముఖాముఖి కార్యక్రమం దగ్గర. అతిథిని చివర్లో చిన్న చిన్న ప్రశ్నలతో ఉక్కిరిబిక్కిరి చేసి, దేవుడి ముందు నిలబడితే ఆయనతో ఏమంటారు అని ముగించేవాడు. అడిగేవాడేమో పక్కా నాస్తికుడు! నాకు భలే ఇష్టమైన సంగతి ఇది. ఇదే మనిషి, ఫలానా వాళ్లని పిలవకూడదని ఛానెల్ పెద్దతో ఒక ఒప్పందం ఉందని బాహాటంగా చెప్పాడు. చెప్పి, కార్యక్రమం కొనసాగించాడు. నీ వ్యాసంలో ఇది లేదు. నచ్చిన మనిషి కాబట్టి పక్కన పెట్టావేమోనని నా అనుమానం. 2021లో పుట్టినరోజుకి జార్జియా రాజధాని తిబ్లిసి వెళితే, ఆ దేశం నుంచి విడిపోయిన అబ్‌ఖాజియా గురించి ఎప్పుడో అన్న మాటకి జనం హోటల్‌ని చుట్టుముట్టి గుడ్లు విసిరారు. తిరుగు విమానం ఎక్కాల్సి వచ్చింది. అదీ రాయి. ఉక్రెయిన్ మీద రష్యా దాడి మొదలైన 2022 ఫిబ్రవరి దగ్గర ఆ ముఖాముఖి కార్యక్రమం ఆగిపోయింది. ఆ తర్వాత ఆయన మనసులో ఏముందో మనం ఊహించి రాయకూడదు.

మూడు పేజీలే ఇస్తామని సంపాదకుడు అన్నారని బెంగపెట్టుకోకు. నేను కొట్టేయమన్నవన్నీ తీసేస్తే చోటు నీకే మిగులుతుంది. 1986తో మొదలుపెట్టు, పారిస్‌కి వెనక్కి వెళ్లు. పేరు ఒకచోట పోజ్నెర్, ఒకచోట పోస్నర్ అని రాశావు. ఏదో ఒకటి ఖాయం చేసుకో. ఈసారి వరసకి వరసకి మధ్య జాగా వదిలి పంపు, పెన్సిల్‌తో దిద్దడానికి వీలుంటుంది.

ఉంటాను.