కోతి, క్వోల్: రైతుకు ఏది ఎక్కువ నష్టం?

"రీసస్ కోతి, తూర్పు క్వోల్... రెండింట్లో రైతుకు ఎక్కువ నష్టం చేసేది ఏది?" అని అడిగారు. క్వోల్ అంటే కంగారూలా పొట్ట సంచిలో పిల్లల్ని మోసే, ఆస్ట్రేలియాలో ఉండే చిన్న వేట జంతువు. రెండింటి దెబ్బా తిన్న ఇల్లు మాది. నన్నడిగితే కోతే, అనుమానమే లేదు.

మాది కరీంనగర్ వైపు పల్లె. ఇప్పుడుంటున్నది ఆస్ట్రేలియాకు దక్షిణాన ఉన్న దీవి టాస్మానియాలో, లాన్సెస్టన్ ఊరి బయట పశువుల ఫారాల మధ్య. ఓ చలికాలం రాత్రి కోళ్లు ఒక్కసారిగా గోల పెడితే టార్చ్ పట్టుకుని పరిగెత్తాను. గూట్లో ఓ మూల క్వోల్. పిల్లికన్నా చిన్నది. నల్లటి ఒంటి మీద సున్నం చిలకరించినట్టు తెల్ల మచ్చలు, తోక మీద మాత్రం ఒక్కటీ లేదు. కోడి మెడ వదిలి, నోరు తెరిచి నా మీదికే బుసకొట్టింది. సన్నటి పళ్లకు ఈకలు అంటుకుని ఉన్నాయి. మరుక్షణం జాలి కింది సందులోంచి జారుకుంది. పొద్దున్నే సన్నకన్ను జాలి తెచ్చి, అడుగు భాగం మట్టిలోకి దించి కట్టాం. మళ్లీ ఒక్క కోడీ పోలేదు.

కోతుల దగ్గర ఇలాంటివి సాగుతాయా? కంచె వేస్తే ఎక్కి దూకుతాయి. పటాకులు కాలిస్తే నాలుగు రోజుల్లో అలవాటు పడతాయి. కంకిని పూర్తిగా తినవు, కొరికి పడేసి ఇంకోటి విరుస్తాయి. మా బాపు మక్క, పల్లి మానేసి పత్తి పెట్టింది వాటి బాధ పడలేకే. నా కోపమంతా రోడ్డు పక్కన కారాపి అరటిపండ్లు పంచేవాళ్ల మీద. వాళ్ల పుణ్యానికి ఖర్చు పక్క ఊరి రైతు భరిస్తున్నాడు.

క్వోల్ కోడిని పట్టేది దొరికినప్పుడే. రోజూ తినేది ఎక్కువగా పురుగులే. పచ్చిక వేళ్లను కొరికే కాక్‌చేఫర్ పురుగులను తవ్వి తింటుంది, అంటే రైతు పనే చేస్తోంది. అలాంటిది 1963లో సిడ్నీలో చివరిసారి కనబడి, ఆస్ట్రేలియా ప్రధాన భూభాగంలో అంతరించింది. నక్కలు, పిల్లులు, రోగాలు, విషపు ఎరలు అన్నీ కలిసి దాన్ని తినేశాయి. కాన్పుకు 30 పిల్లల దాకా పుట్టొచ్చు, కానీ తల్లికి చనుమొనలు ఆరే. ముందు అందుకున్న ఆరే బతుకుతాయి. కోతి కనేది ఒక్క పిల్లనే, అయినా మన తిండితో మందలు పెరుగుతున్నాయి.

టాస్మానియాలో ఉండే మనవాళ్లకు ఒక్క మాట. పిల్లుల్ని రాత్రిపూట ఇంట్లోనే ఉంచండి. చీకటి పడ్డాక బండి నెమ్మదిగా నడపండి. రోడ్డు మీద చచ్చిన వాలబీని (చిన్న కంగారూ లాంటి జంతువు) తినడానికొచ్చి క్వోల్ కూడా చక్రాల కింద పడుతోంది.