గుంటూరు క్లాసులో ట్రౌట్ వద్దు, మీ చెరువులోని బంగారు తీగ చాలు

సందేహం: నాకు దుగ్గిరాల దగ్గర ఎకరంన్నర చేపల చెరువు ఉంది. మా అమ్మాయి గుంటూరులో ఎనిమిదో తరగతి చదువుతోంది. అమెరికాలో క్లాసులోనే తొట్టెలో ట్రౌట్ గుడ్లు పెట్టి, పిల్లలే రోజూ వాటి ఎదుగుదల రాసుకుంటారని వాళ్ల సైన్స్ టీచర్ వీడియో చూపించారట. మనమూ ఆ గుడ్లు తెప్పించుకోవచ్చా? – ఒక రైతు, గుంటూరు జిల్లా

సలహా: తెప్పించాలని చూడకండి. ట్రౌట్ చల్లటి నీటి చేప, మన దేశంలో కాశ్మీర్, హిమాచల్ లాంటి చోట్ల కొండవాగుల నీటితో పెంచుతారు. దాని గుడ్లకు నీళ్లు 10 డిగ్రీల దగ్గర ఉండాలి, మన కుళాయి నీళ్లేమో జనవరిలో కూడా అంత చల్లగా ఉండవు. నీళ్లు చల్లబరిచే చిల్లర్ యంత్రం కొని పెట్టినా ఒక్క మధ్యాహ్నం కరెంటు పోతే గుడ్లన్నీ తెల్లబడిపోతాయి, పిల్లలు ఏడుస్తారు, మీకు టెన్షన్.

అయితే టీచర్‌గారి ఆలోచన చాలా మంచిది, దాన్ని వదలొద్దు. మీ చెరువులో బొచ్చె, శీలావతి ఉంటాయి కానీ అవి నిలవ నీటిలో వాటంతటవి గుడ్లు పెట్టవు, ఇంజెక్షన్ చేయాలి. బంగారు తీగ చేపకు (కామన్ కార్ప్) ఆ గొడవ లేదు. జనవరి నుంచి మార్చి లోపల పొట్ట నిండిన ఆడచేప ఒకటి, పొట్ట నొక్కితే పాలలాంటి వీర్యం వచ్చే మగచేపలు రెండు సాయంత్రం హాపాలో (నీళ్లలో కట్టే సన్న వల తొట్టె) వదిలి, కడిగిన నాచు వేయండి. అన్నీ కుదిరితే తెల్లారేసరికి గుడ్లు నాచుకు అంటుకుని ఉంటాయి. వంద, నూటయాభై గుడ్లున్న చిన్న రెమ్మ చాలు, దాన్ని చెరువు నీళ్లతోనే బకెట్‌లో స్కూలుకు పంపండి. మొత్తం నాచు పంపితే తొట్టె కంపు కొడుతుంది.

తొట్టెలో కుళాయి నీళ్లు పోసేట్టయితే క్లోరిన్ పోయేలా ముందు రోజే పట్టి, గాలి పంపు పెట్టి ఉంచాలి. మంచి గుడ్డు లేత పసుపుగా, అద్దంలా ఉంటుంది. తెల్లబడింది చచ్చిన గుడ్డు, దానికి పట్టిన బూజు పక్క గుడ్లకు పాకుతుంది కాబట్టి డ్రాపర్‌తో రోజుకు రెండుసార్లు ఏరించండి. బూజుకని ఎవరైనా మలకైట్ గ్రీన్ అనే రంగు మందు ఇస్తే తీసుకోవద్దు, అది విషం, పిల్లల చేతికి అసలే ఇవ్వకూడదు.

ఇక పుస్తకంలో ఏం రాయాలి అంటారా, అసలు సరదా అంతా అక్కడే ఉంది. నీటి ఉష్ణోగ్రత ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం చూసి సగటు తీసి, రోజురోజూ కూడుకుంటూ పోవాలి, వీటిని డిగ్రీ రోజులంటారు. ట్రౌట్ గుడ్డు పొదగాలంటే ఆ మొత్తం 300 దాటాలి, అంటే 10 డిగ్రీల దగ్గర నెల పైన. బంగారు తీగకు 60–70 చాలు. నీళ్లు 27 డిగ్రీలుంటే సోమవారం తెల్లవారుజామున పెట్టిన గుడ్లు బుధవారం మధ్యాహ్నానికి, క్లాసు జరుగుతుండగానే చిట్లడం మొదలవ్వాలి. అదే 24 డిగ్రీలైతే బుధవారం రాత్రి, స్కూలుకు తాళం వేశాక చేపపిల్లలు బయటికొస్తాయి! ఎప్పుడు పొదుగుతాయో ముందే లెక్క వేసి బోర్డు మీద రాయించండి, ఎవరి లెక్క దగ్గరగా వస్తుందో చూడొచ్చు. రెండో రోజు భూతద్దం పెడితే గుడ్డులో నల్ల చుక్కల్లాంటి కళ్లు, కదిలే తోక కనిపిస్తాయి, మైక్రోస్కోప్ ఉంటే గుండె కొట్టుకోవడం కూడా.

బయటికొచ్చిన పిల్ల అయిదారు మిల్లీమీటర్లే ఉంటుంది, పొట్ట కింద పచ్చసొన సంచితో నాచుకో, తొట్టె గోడకో వేలాడుతుంది. కదలట్లేదు, ఆకలితో చచ్చిపోతుందేమో అనుకుని మేత వేసేస్తారు, అందరూ చేసే తప్పు ఇదే. రెండు మూడు రోజులు దానికి ఆ సొనే తిండి. ఈదడం మొదలుపెట్టాకే ఉడికిన కోడిగుడ్డు పచ్చసొనను పల్చటి గుడ్డలో వడకట్టి, నీళ్లలో కలిపి రోజుకు మూడు నాలుగుసార్లు కొద్ది చుక్కలు వేయాలి. మిగిలితే కుళ్లి అమ్మోనియా పెరుగుతుంది, అందుకని అడుగున పేరుకున్న చెత్తను సన్న పైపుతో లాగేసి, రోజూ పావు వంతు నీళ్లు మార్చాలి.

ఈ లెక్కన చేపపిల్లలు ఈదేసరికి శని, ఆదివారాలు వస్తాయి, ఆ రెండు రోజులు తొట్టె ఎవరింటికి వెళ్తుందో ముందే తేల్చుకోండి. అంతా అయ్యాక మిగిలిన చేపపిల్లలను కృష్ణా కాలువలో వదలొద్దు, బంగారు తీగ మన నదుల చేప కాదు. మీ చెరువులో వదిలితే పెద్ద చేపలు మింగేస్తాయి, అందుకే ఒక మూల సన్నకన్ను హాపా కట్టి అందులో వేయండి.