2 సెకన్ల గీతను ఎంతవరకు నమ్మొచ్చు?

ప్ర: గామా కిరణ విస్ఫోటం (జీఆర్‌బీ, అంతరిక్షంలోంచి కొద్దిసేపే వచ్చే గామా కిరణాల మెరుపు) 2 సెకన్లు దాటితే భారీ నక్షత్రం కూలినట్టు, దాటకపోతే రెండు న్యూట్రాన్ నక్షత్రాలు కలిసిపోయినట్టు అని చదువుకున్నాం. 2021 డిసెంబర్ 11 నాటిది దాదాపు నిమిషం పాటు వచ్చినా విలీనమే అంటున్నారు. ఏది సరి? (విశాఖపట్నం)

జ: విలీనమన్నదే సరి. 2 సెకన్ల గీత గణాంకాల్లోంచి వచ్చింది. కాంప్టన్ ఉపగ్రహంలోని బాట్సే పరికరం నమోదు చేసిన విస్ఫోటాలను వ్యవధి ప్రకారం పేర్చితే రెండు గుంపులు కనిపించాయి. వాటి మధ్య పల్లం 2 సెకన్ల దగ్గర పడింది. 1993 నుంచి అదే కొలబద్ద అయింది. ఆ పల్లంలో రెండు గుంపుల అంచులూ కలిసిపోయి ఉంటాయి. కాబట్టి ఏ ఒక్క విస్ఫోటానికీ దాన్ని తీర్పుగా తీసుకోకూడదు.

తీర్పు చెప్పేది తర్వాత మిగిలే వెలుగు. నక్షత్రం కూలితే, ఆఫ్టర్‌గ్లో (విస్ఫోటం వెంట వచ్చి క్రమంగా తగ్గే మలివెలుగు) మసకబారేకొద్దీ రెండు వారాలకు అటూ ఇటూగా సూపర్‌నోవా (నక్షత్రం పేలుడు వెలుగు) బయటపడుతుంది. 2003 మార్చి 29 నాటి విస్ఫోటంలో దాని వర్ణపటం కూడా స్పష్టంగా దొరికింది. విలీనమైతే కనిపించేది కిలోనోవా (విలీనంలో చిమ్మిన పదార్థపు వెలుగు): అంతకంటే మసక, కొద్ది రోజుల్లోనే నీలం నుంచి ఎరుపుకీ పరారుణానికీ జారిపోతుంది. మీరడిగిన విస్ఫోటం సుమారు 110 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోది. జీఆర్‌బీల లెక్కలో ఇది పక్కిల్లే. అంత దగ్గర మామూలు సూపర్‌నోవా ఉంటే టెలిస్కోపులకు కనపడి తీరాలి. కనపడలేదు, పరారుణంలో కిలోనోవా మాత్రం దొరికింది. దీనికి సరిగ్గా ఎదురు ఉదాహరణ 2020 ఆగస్టు 26 నాటిది. ఒక సెకను దగ్గరే ఆగిపోయింది, కానీ దాని వెనక సూపర్‌నోవా ఉంది.

ప్ర: వ్యవధిని ఎలా కొలుస్తారు? కాలేజీ కంప్యూటర్‌లో మేమూ కొలవొచ్చా? (వరంగల్)

జ: తప్పకుండా కొలవొచ్చు. నాసా ఫెర్మీ ఉపగ్రహంలోని జీబీఎం (గామా విస్ఫోటాలను పట్టే పరికరం) డేటా అందరికీ ఉచితం. దాని 12 సోడియం అయొడైడ్ డిటెక్టర్లలో, విస్ఫోటం దిశకు 60 డిగ్రీలలోపు తిరిగి ఉన్నవి మూడు నాలుగు తీసుకోండి. 50–300 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల ఫోటాన్లనే ఉంచి, 64 మిల్లీసెకన్ల చొప్పున ముక్కలు చేసి లెక్కపెట్టండి. విస్ఫోటానికి ముందూ తర్వాతా ఉన్న ప్రశాంత భాగాలకు ఒక పాలినామియల్ (బహుపది వక్రరేఖ) అమర్చి, ఆ నేపథ్యాన్ని తీసేయండి. మిగిలినదాన్ని కూడుకుంటూ పోతే, పైకెక్కి చదునయ్యే గీత వస్తుంది. మొత్తంలో 5 శాతం చేరిన క్షణం నుంచి 95 శాతం చేరిన క్షణం వరకు పట్టిన కాలమే టీ90.

ఎక్కువమంది తప్పేది నేపథ్యం దగ్గరే. ఉపగ్రహం తిరిగేకొద్దీ నేపథ్యం వంపు తిరుగుతుంది. దానికి సరళరేఖ అమర్చితే ఆ గీత చివర చదును కాకుండా పైకో కిందకో వాలుతుంది. వాలు కనపడితే ఆ టీ90ని పక్కన పెట్టి మళ్లీ మొదలుపెట్టండి. విస్ఫోటపు మసక తోక నేపథ్యంలో మునిగితే వ్యవధి తక్కువగా వస్తుంది. తక్కువ శక్తి ఫోటాన్లతో కొలిస్తే సాధారణంగా పెరుగుతుంది. దూరపు విస్ఫోటాలైతే విశ్వ వ్యాకోచం వల్ల, రెడ్‌షిఫ్ట్‌కు (ఆ వ్యాకోచం వల్ల కాంతి ఎరుపు వైపు ఎంత జరిగిందో చెప్పే అంకె) 1 కలిపితే ఎంతో అన్ని రెట్లు సాగుతుంది కూడా. 2022 అక్టోబర్ 9 నాటి దానితో మాత్రం మొదలుపెట్టకండి. ఆ ప్రకాశానికి జీబీఎం డిటెక్టర్లే నిండిపోయాయి, తీవ్రదశలో మామూలు లెక్కింపు చెల్లదు.

ప్ర: విస్ఫోటపు వెలుగు మిల్లీసెకన్లలో మారుతోందంటే మూలం చిన్నదేగా? అంత ఇరుకులోంచి గామా కిరణాలు ఎలా బయటపడతాయి? (హైదరాబాద్)

జ: మూలం కదలకుండా ఉందనుకుంటే బయటపడలేవు. 10 మిల్లీసెకన్లలో మారే వెలుగుకు, ఆ కాలంలో కాంతి ప్రయాణించే 3,000 కిలోమీటర్ల చోటే ఉంటుంది. అన్ని ఫోటాన్లు అక్కడ కిక్కిరిస్తే, 511 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు మించినవి ఒకదాన్నొకటి ఢీకొని ఎలక్ట్రాన్-పాజిట్రాన్ జతలైపోవాలి. పదార్థం మనవైపు లారెంట్జ్ ఫ్యాక్టర్ 100తో, అంటే కాంతివేగంలో 99.995 శాతంతో దూసుకొస్తోందనుకోండి. దానితోపాటు కదిలే చట్రంలో ఫోటాన్ల శక్తి సుమారు వంద రెట్లు తక్కువ, కాబట్టి జతలు పుట్టించగలిగేవి అరుదు. వెలుగు వెలువడే దూరం కూడా 20,000 రెట్లు పెరిగి 6 కోట్ల కిలోమీటర్లవుతుంది. చాలా విస్ఫోటాలకు కనీసం ఇంత వేగం ఉండి తీరాలి.

ప్ర: ఆస్ట్రోశాట్ (ఇస్రో ఖగోళ ఉపగ్రహం) ఈ విస్ఫోటాలను పట్టగలదా? (నెల్లూరు)

జ: మీ జిల్లా పక్కనే శ్రీహరికోట నుంచి 2015 సెప్టెంబర్ 28న వెళ్లిన ఆ ఉపగ్రహంలోని సీజడ్‌టీఐ పరికరం ఇప్పటికి 500కు పైగా పట్టింది. 100 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు దాటిన కిరణాలకు దాని పక్క గోడలు అడ్డుకావు, అందుకే పక్కనుంచి వచ్చినవీ నమోదవుతాయి. ఒక పిక్సెల్‌లో చెదిరి పక్క పిక్సెల్‌లో ఆగిన ఫోటాన్ల దిశలను బట్టి ధ్రువణాన్ని (కిరణాల తరంగాలు ఏ దిశలో కంపిస్తున్నాయన్నది) కూడా కొలుస్తారు. ఫోటాన్లు తక్కువైతే లెక్కల్లోని హెచ్చుతగ్గులే ధ్రువణంలా కనిపిస్తాయి. ఈ కొలత బాగా ప్రకాశవంతమైన విస్ఫోటాలకే పనికొస్తుంది.